తదితరుల పేర్ల కోసం సైకిలెక్కుదాం

(సైకిల్ యాత్రకు తయారవుతున్న కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

దసరా వెళ్లినంక వారం రోజులు సైకిళ్ల మీద కరీంనగర్ నుంచి జోడేఘాట్ దాకా పోవాలని మీరు తయారవుతున్నరు. ఎందుకు పోవాలె, పోయి ఏం చెయ్యాలె అనేది చెప్పమని నన్ను అడిగిన్రు. సైకిల్ ఎట్ల తొక్కాలెనో మీకు నేను చెప్పేది లేదు. దారిలో ఏం చూడాలె, ఎవరిని అడగాలె, ఏం రాసుకోని రావాలె అనేదే ఈ పొద్దు ముచ్చట.

ఇది షికారు కాదు, పోరాటమే అని కొందరు అంటరు. నేను అట్ల అనను. షికారు గూడ మన హక్కే. చెరువుకట్ట మీద సైకిల్ తొక్కుతుంటే చల్లగాలి తగుల్తది. పొట్టకొచ్చిన వరి, తాటివనాలు, గుట్టలు, వాగులు కనబడ్తయి. మన తాతలకు ఇట్ల తిరిగి చూసే తీరిక ఎక్కడిది? వాళ్లు పక్క ఊరికి పోయిన్రంటే దొర మూటలు మోసుకోని పోయిన్రు, లేకుంటే చావు కబురు చెప్పుటానికి పోయిన్రు. వాళ్లు వెట్టికి నడిచిన తొవ్వల మీద మీరు ఇష్టంగ పోతున్నరు. సంతోషంగనే పోండ్రి.

అయితే మీరు పోయే తొవ్వ మామూలు తొవ్వ కాదు. అడుగడుగునా యుద్ధాలు జరిగిన జాగలున్నయి. కొన్ని రాజులు కొట్లాడుకున్న జాగలు. కొన్ని భూమి కోసం, మానం కోసం పేదోళ్లు నిలబడ్డ జాగలు. వీటిని ఏ కళ్లతోటి చూడాలె అన్నదే అసలు సంగతి.

మీరు పొద్దుగాల పేపరు చదువుతరు. జిల్లా పేజీలో ఏ సభ వార్త చూసినా చివర ఒక మాట ఉంటది. ఫలానా ఆయన, ఫలానా ఆయన, తదితరులు పాల్గొన్నారు అని. ఆ తదితరులు ఎవరు? జెండాలు కట్టినోళ్లు, కుర్చీలు మోసినోళ్లు, డప్పు కొట్టినోళ్లు, ఎండలో కూసున్నోళ్లు. చరిత్రను గూడ ఇట్లనే రాసిన్రు. రాజు పేరుంటది, సేనాపతి పేరుంటది, తిరుగుబాటు అయితే నాయకుని పేరుంటది. మిగిలినోళ్లంత తదితరులు. మన యాత్ర ఆ తదితరుల పేర్ల కోసం. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా మీకే తెలుస్తది.

సైకిలే ఒక కొట్లాట

ముందుగాల మీరెక్కే సైకిల్ గురించి చెప్తా. ఈ జిల్లా పల్లెల్లో అరవై ఏండ్లు దాటిన మనోళ్లను ఎవరినన్న అడిగి చూడుండ్రి. గడీ ముందర నుంచి పోతే సైకిల్ దిగి నడిపించుక పోవాలె. కాళ్లకు చెప్పులుంటే చేతబట్టుకోవాలె. తలకు రుమాలుంటే తియ్యాలె. మాలోడు, మాదిగోడు సైకిల్ మీద కూసోని దొర కండ్ల ముందట నుంచి పోవుడంటే తిరుగుబాటు కిందనే లెక్క.

అది ఎట్ల పోయింది? ఎవరో దయ దలిస్తే పోలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. పల్లెపల్లె నుంచి వేల మంది కదిలి వచ్చిన్రు. వెట్టి చెయ్యమన్నరు, బంజరు భూములు మావన్నరు, దొరలు తిన్న దండుగలు కక్కమన్నరు. మాట వినని దొరలకు సాకలి, మంగలి, పాలేరు పనులు బంద్ పెట్టిన్రు. వందల ఏండ్ల సంది మనల్ని ఊరి అవతల పెట్టిన బహిష్కరణను తిప్పి దొరల మీద పెట్టిన్రు. గడీల్లో ఉన్నోళ్లు కొందరు పట్నం దారి పట్టిన్రు. దానికి సర్కారు ఇచ్చిన జవాబు ఏంది? అదే ఏడు అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. కూలి అడిగితే, భూమి అడిగితే కల్లోలం అయింది. అంతకు ముందు వందల ఏండ్లు నడిచిన వెట్టి మాత్రం శాంతి కింద లెక్క!

కాబట్టి జగిత్యాలకు పోయినప్పుడు మీరు పోయింది ఒక యుద్ధభూమికే అనుకోండ్రి. అక్కడ ఫిరంగులు లేకపోవచ్చు. ఈ పొద్దు మీరు ఏ ఇంటి ముందట సైకిల్ దిగకుండ పోతున్నరంటే ఆ యుద్ధంలో మనం గెలిచినందుకే.

మన ఉద్యమానికి సైకిల్‌తోటి ఇంకో చుట్టరికం ఉన్నది. 1981 డిసెంబర్ 6న డీఎస్-4 పెట్టిన కాన్షీరాం సాబ్ 1983లో ఢిల్లీ నుంచి సైకిల్ యాత్ర తీసిండు. పైసలున్న పార్టీలు హెలికాప్టర్లల్ల తిరుగుతుంటే ఆయన వెనుక చిన్న ఉద్యోగులు, కూలోళ్లు సైకిళ్ల మీద రాష్ట్రాలు దాటిన్రు. రెండు కాళ్లు, రెండు చక్రాలు, అంతే పెట్టుబడి. మరుసటి ఏడు 1984 ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. కారులో పోయే నాయకుడు సర్పంచ్ ఇంటి ముందట ఆగుతడు. సైకిల్ మీద పోయేటోడు పంక్చరైన కాడ ఆగుతడు, దూపైన కాడ ఆగుతడు. అది ఎక్కువసార్లు మన వాడలనే ఉంటది. ఈ పనికి సైకిలే సరైన బండి అనేది అందుకే.

ఆడపిల్లలు యాత్రకు రావచ్చునా అని ఎవరో అడిగిన్రని విన్న. తమిళనాడులో పుదుక్కోట్టై అని ఒక జిల్లా ఉన్నది. 1990ల మొదట్ల అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు పల్లెటూరి ఆడవాళ్లు లక్ష మందికి పైగా సైకిల్ నేర్చుకున్నరు. కూలి చేసుకునేటోళ్లు, రాళ్లు కొట్టేటోళ్లు, అంగన్‌వాడీ పనోళ్లు. భర్త ఎప్పుడు తీసుకపోతడా అని చూసే పని తప్పింది. ఇంత జరిగినంక ఇంకా రావచ్చునా అని అడిగేదేంది? మన యాత్రలో సగం సైకిళ్లు ఆడబిడ్డల చేతుల్ల ఉండాలె.

కోటలు ఎవరియి?

కరీంనగర్ దాటంగనే ఎలగందుల వస్తది. మానేరు ఒడ్డున గుట్ట మీద కోట. కాకతీయుల నుంచి నిజాం దాకా ఎందరో ఏలిన్రు. 1905 దాకా జిల్లా కచ్చేరీ అక్కడనే ఉండె, తర్వాత కరీంనగర్‌కు వచ్చింది. ఇంకో యాభై కిలోమీటర్లు పోతే జగిత్యాల. అక్కడ చుట్టూ కందకంతోటి నక్షత్రం ఆకారంల కట్టిన కోట. ముంగటికి పోతే నిర్మల్, ఊరు చుట్టూ బురుజులే. చూడబోయినోళ్లకు చెప్పేదేంది? ఏ నవాబు కట్టించిండు, ఏ దేశపు ఇంజనీరు గీసిండు, ఎవరు ఎవరిని ఓడగొట్టిన్రు.

మీరు వేరే లెక్కన చూడుండ్రి. యుద్ధానికి ముందుగాల కావల్సింది ఏంది? తోలు. గుర్రానికి జీను తోలుది, కత్తికి ఒర తోలుది, డాలు తోలుది, సిపాయి కాలికి చెప్పు తోలుది, నీళ్ల తిత్తి తోలుది, నగారా తోలుది. చచ్చిన పశువును ఎత్తిందెవరు, తోలు ఊడదీసిందెవరు, తంగెడు చెక్కేసి నానబెట్టిందెవరు, కుట్టిందెవరు? మాదిగలు. మరి సైన్యం ఊరి మీదికి వస్తే గడ్డి మోసిందెవరు, మూటలు మోసిందెవరు, తొవ్వ చూపిందెవరు, పీనుగులను ఎత్తిందెవరు? మాల మాదిగలు. బట్ట నేసినోళ్లు మాలలు, నేతకానోళ్లు, పద్మశాలీలు. ఇనుము సాగగొట్టింది కమ్మరోళ్లు. గుట్ట మీదికి రాయి చేర్చింది వడ్డెరలు. ఒక్క రాజు గూడ తన జీను తాను కుట్టుకోలేదు. తోలు ముట్టుకున్నోడు అంటరానోడు అయిండు, ఆ తోలు తొడుక్కున్నోడు వీరుడు అయిండు. కోట గోడ మీద చెయ్యి పెట్టి ఈ సంగతి మీ వెంట ఉన్న పిల్లలకు చెప్పుండ్రి. ఏ బోర్డు మీద గూడ ఇది రాసి ఉండదు.

రాజుల యుద్ధాలల్లనే ఇట్ల అనుకోవద్దు. మనవాళ్లు అని చెప్పుకునే పోరాటాలల్ల గూడ ఈ తదితరుల లెక్క ఉన్నది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్ల అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళం వాళ్లు రజాకార్ల కాలపు పోలీసుల తూటాలకు నేలకొరిగిన్రు. వాళ్ల త్యాగానికి దండం పెడదాం. కాని ఇక్కడ కూసున్నోళ్లను ఒకటి అడుగుత. ఆ ఇద్దరి పేర్లు మనకు నోటికొస్తయి. ఆ పొద్దు వాళ్ల పక్కన పడిపోయిన మిగతా వాళ్ల పేర్లు ఎన్ని చెప్పగలరు? సాయుధ పోరాటంల మాలపల్లె నుంచి, మాదిగవాడ నుంచి పోయినోళ్ల పేర్లు ఎన్ని చెప్పగలరు? ఎవరినీ తక్కువ చేయడానికి అంటలేను. పేరు నిలవాలంటే దాన్ని నిలబెట్టే మనుషులు ఉండాలె అని చెప్తున్న.

రాయి మీద పేరు

పేరు నిలబెట్టుకుంటే ఏమైతదో చూడుండ్రి. పుణె దగ్గర భీమా నది ఒడ్డున కోరేగావ్ అని ఊరు. 1818 జనవరి 1న అక్కడ పీష్వా రెండో బాజీరావు సైన్యంతోటి కంపెనీ దళం కొట్లాడింది. కంపెనీ దళంల మహర్ సిపాయిలు చాలా మంది. తర్వాత కంపెనీ వాళ్లు అక్కడ ఒక రాతి స్తంభం లేపిన్రు. చనిపోయిన వాళ్ల పేర్లు చెక్కిన్రు. మొత్తం 49 పేర్లల్ల 22 పేర్ల చివర 'నాక్' అని ఉంటది. అది మహర్ల గుర్తు. అంటరానోళ్ల పేర్లు రాయి మీద ఎక్కినయి.

అది తెల్లోళ్ల యుద్ధం కదా, మనదెట్ల అయితది అని కొందరు అడుగుతరు. నిజమే, కంపెనీ మన కోసం కొట్లాడలేదు. 1890లు వచ్చేసరికి అదే తెల్ల సర్కారు మహర్లను ఫౌజులోకి తీసుకునుడు బంద్ చేసింది. పని అయిపోయినంక విసిరేసింది. అయినా 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ స్తంభం కాడికి పోయిండు. కంపెనీకి దండం పెట్టేటందుకు పోలేదు. పీష్వాల రాజ్యంల మనిషిగ లెక్కలోకి రానోడు కత్తి పట్టి నిలబడ్డడు, వాని పేరు ఈ రాయి మీద ఉన్నది అని తన జనానికి చూపెట్టేటందుకు పోయిండు. అప్పటి సంది ఏటేటా జనవరి 1న జనం పోతరు, ఇప్పుడు లక్షల మంది పోతున్నరు. 2018 జనవరి 1న, రెండు వందల ఏండ్లు నిండిన రోజున, అక్కడికి పోయినోళ్ల మీద దాడులు జరిగినయి. ఒక రాయి మీద ఇరవై రెండు పేర్లుంటే ఇంత కడుపుమంట ఎందుకు? ఆ పేర్లు చదివినోడు మళ్ల వంగి దండం పెట్టడు, అందుకు.

ఇంకా దూరం పోదాం. మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ దేశాల్ల ఇప్పుడు చల్లని పచ్చిక బయళ్లు, పొలాలు. జనం సైకిళ్ల మీద ఒక సమాధుల తోట నుంచి ఇంకో సమాధుల తోటకు తిరుగుతరు. ఈప్రె అనే ఊళ్లె ఒక పెద్ద దర్వాజ మీద జాడ తెలియని 54 వేల మందికి పైగా సిపాయిల పేర్లు చెక్కి ఉన్నయి. ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ అనే కాడ భారతదేశపు సిపాయిల కోసం, కూలీల కోసం 1927లోనే స్మారకం కట్టిన్రు. 4,700 పేర్లకు పైగా ఉన్నయి. వాళ్లు ఒక నియమం పెట్టుకున్నరు. అఫీసరైనా, సిపాయైనా అందరికీ ఒకే కొలత రాయి. చావులో హెచ్చుతగ్గులు వద్దు అని.

వినటానికి మంచిగుంది కదా? అక్కడ గూడ తదితరులున్నరు. ఆ సమాధులు చూసే కమిషనే 2021లో ఒక నివేదికలో ఒప్పుకున్నది. ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి వచ్చి చనిపోయిన లక్ష మందికి పైగా పేర్లు ఏ రాయి మీదికీ ఎక్కలేదని, దానికి కారణం అప్పటి జాతి వివక్ష అని చెప్పి క్షమాపణ అడిగింది. నూరేండ్ల తర్వాతనైనా ఎందుకు అడగవలసి వచ్చింది? పేర్లు ఏవి అని అడిగేటోళ్లు తయారైన్రు కాబట్టి. మన దేశంల గూడ మనం అడగాలె.

మన తెలుగునేల మీద ఈ పని చేసి చూపినోళ్లు ఉన్నరు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపిన్రు. మనోళ్లు ఆ పీనుగులను ఊరి అవతల మూలకు తీసుకపోలేదు. ఊరి నడుమ సమాధి చేసి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కాగితం మీద నేరస్తులు లేరు. రక్తక్షేత్రం మాత్రం ఊరి నడుమ అట్లనే ఉన్నది. పేర్లు చెప్పుకునే జాగ ఒకటి ఉంటే కేసు పోయినా సంగతి పోదు.

గోదావరి దాటినంక

ఇగ మీ తొవ్వలకు వద్దాం. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగ పోయి సోన్ కాడ గోదావరి దాటితే నిర్మల్. అక్కడి దాకా తొవ్వ సాపుగనే ఉంటది. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు కొనుక్కోండ్రి, తప్పు లేదు. అంతకన్న ముందుగాల వెయ్యి ఉరుల మర్రి ఉన్న జాగకు పోండ్రి. గోండు వీరుడు రాంజీ గోండు రోహిల్లాలను, దక్కనీలను కలుపుకోని ఇంగ్లీషోళ్లతోటి, నిజాంతోటి కొట్లాడిండు. 1860లో ఆయనను పట్టుకోని ఆ మర్రికి ఉరి తీసిన్రు. ఆయనతోటి వెయ్యి మందిని ఉరి తీసిన్రని జనం చెప్తరు. మర్రి ఇప్పుడు లేదు. లెక్క జూడుండ్రి. వెయ్యి మంది చనిపోతే జనం నోట్ల నిలిచింది ఒక్క పేరు. మిగతా వాళ్లకు తల్లి పెట్టిన పేర్లు లేవా? వాళ్ల వెనుక పెండ్లాం పిల్లలు లేరా?

నిర్మల్ దాటితే మహబూబ్ ఘాట్. అక్కడ దిగి నడిపించుడే మంచిది, దిగుతే సిగ్గేం లేదు. అది గడీ కాదు, గుట్ట. గుడిహత్నూర్ కాడ కుడికి మళ్లితే ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. భూములకు పట్టాలు కావాలె, షావుకార్ల దోపిడి పోవాలె, పంటకు ధర కావాలె అని గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకున్నది. సర్కారు సభ వద్దన్నది. గోండులు డోళ్లు కొట్టుకుంట వచ్చిన్రు. పోలీసులు కాల్చిన్రు. చనిపోయినోళ్లు 13 మంది అని సర్కారు చెప్పింది. అది అబద్ధం, అంతకు ఎన్నో రెట్లు అని పౌరహక్కుల వాళ్లు, ఊళ్లోళ్లు చెప్పిన్రు. పదమూడా, అరవయ్యా, ఇంకా ఎక్కువనా? నలభై ఏండ్లు దాటినా లెక్క తేలలేదు. ఎందుకు తేలలేదు? సంఖ్య మీదనే కొట్లాట నడిచింది. ఊరూరికి పోయి పేర్లు రాస్తే లెక్క దానంతటదే తేలుతది.

అక్కడ కట్టిన స్తూపాన్ని 1986లో కూలగొట్టిన్రు. మళ్లా కట్టిన్రు. ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే పోలీసు పహరా, 144 సెక్షన్. తమ కొడుకుకు దండం పెట్టుకునేటందుకు తల్లికి పర్మిషన్ కావాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేసింది. మంచిదే. కాని వనంల చెట్లు పెడితే సరిపోదు, పేర్లు పెట్టాలె అని అడగండ్రి.

ఇంద్రవెల్లి నుంచి ఉట్నూరు, జైనూరు, కెరమెరి మీదుగ హట్టి కాడ మళ్లితే జోడేఘాట్. కొమురం భీం నిజాం సర్కారుతోటి కొట్లాడి 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ నేలకొరిగిండు. మీ చిన్నపిల్లలకు భీం అంటే 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమానే గుర్తొస్తది. అది కల్పన కథ. నిజం భీం పన్నెండు గూడేలకు భూమి హక్కు అడిగిండు, అడవిల పశువులు మేపితే పన్నెందుకు కట్టాలె అని అడిగిండు. జల్, జంగల్, జమీన్ అన్నది ఆ కొట్లాట నుంచి వచ్చిన మాటగ మనం చెప్పుకుంటం. సాహు, అల్లం రాజయ్య 'కొమురం భీం' నవల రాసే ముందట గూడేలల్ల తిరిగి ముసలోళ్లను అడిగిన్రు. పుస్తకం రాకముందు నలభై ఏండ్లు ఆ చరిత్రను బతికించింది గోండుల పాటలు, తోటీల కథలు. ఇప్పుడు అక్కడ స్మారకం ఉన్నది, మ్యూజియం ఉన్నది, జిల్లాకే 2016 నుంచి భీం పేరున్నది. వర్ధంతి నాడు నాయకుల కార్లు, మైకులు, రద్దీ ఉంటది. మీరు రద్దీ తగ్గినంక రెండు రోజులకు చేరేటట్టు లెక్క వేసుకోండ్రి. అప్పుడైతే మాట్లాడేటందుకు మనుషులు తీరికగ దొరుకుతరు.

ఇక్కడ ఒక సంగతి మన మనసుల్ల సాఫ్ ఉండాలె. గోదావరి దాటి ఏజెన్సీల అడుగు పెట్టినంక 1/70 చట్టం ముందట మనం గూడ గిరిజనేతరులమే. మనల్ని ఊరి అవతల పెట్టిన్రు, వాళ్లను అడవి లోపటికి నెట్టిన్రు. ఇద్దరి బాధ ఒక్క తీరుగ ఉన్నది అని ఉపన్యాసం చెప్పుడు అల్క. కాని ఆదివాసి భూమిని ఎవరు పట్టుకున్నరు అని అడిగినప్పుడు మన కులపోడు గూడ ఉంటే అది గూడ రాసుకోవాలె. దాచిపెట్టి తెచ్చే చరిత్ర మనకు వద్దు. గూడెంల మనుషులను ఫొటోల కోసం నిలబెట్టొద్దు. పటేల్‌ను అడిగి, ఒప్పుకుంటేనే కూసోవాలె.

ఏం చెయ్యాలె?

ప్రతి సైకిల్‌కు ఒక నోట్‌బుక్కు కట్టుకోండ్రి. ఫోన్ల రికార్డు చేసుకున్నా సరే, రాత్రి కూసోని కాగితం మీదికి ఎక్కించాలె. ఊరూరికి మూడు ప్రశ్నలు అడగండ్రి.

మొదటిది. ఈ ఊళ్లె భూమి కోసమో, కూలి కోసమో, మర్యాద కోసమో కొట్లాట ఎప్పుడు జరిగింది? అందరికన్న ముందుగాల లేచి నిలబడ్డది ఎవరు?

రెండోది. అందుల దెబ్బలు తిన్నదెవరు, జైలుకు పోయిందెవరు, చనిపోయిందెవరు? ఇంటిపేరుతోటి, తల్లి పేరుతోటి, తండ్రి పేరుతోటి రాసుకోవాలె. ఆడవాళ్ల పేర్లు మొగోళ్లు చెప్పరు. అందుకే ఆడబిడ్డలు ఆడవాళ్ల దగ్గర వేరే కూసోని అడగాలె. దళాలకు అన్నం పెట్టింది, పోలీసులు వస్తే దెబ్బలు తిన్నది వాళ్లే.

మూడోది అన్నింటికన్న ముఖ్యం. ఆ కుటుంబం ఇప్పుడు ఎట్లున్నది? అప్పుడు దున్నిన బంజరు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నది? 2020లో ధరణి వచ్చినప్పుడు పాత పహాణీల ఉండే అనుభవదారు కాలమ్ తీసేసిన్రు. కాగితం మీద పట్టాదారు మిగిలిండు, దున్నేటోడు మాయమైండు. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. దరఖాస్తులు పెట్టుకోవచ్చు అంటున్నరు. నలభై ఏండ్ల సంది దున్నుతున్నోళ్ల పేరు ఎక్కిందా లేదా, పాత పహాణీ నకలు, కూలోళ్లకు ఇచ్చిన అసైన్డ్ పట్టా కాగితం ఇంట్ల ఉన్నదా లేదా అడగండ్రి. ఉన్న కాగితం ఫొటో తీసుకోని జాగ్రత్త చెయ్యమనండ్రి. యుద్ధంల తదితరులైనోళ్లు భూమి రికార్డుల గూడ తదితరులే అయిన్రు. మనం పాత సంగతులు తవ్వుడు ముచ్చట కోసం గాదు, ఈ కాలమ్‌ల పేరు ఎక్కించే దాకా పోయేటందుకు.

ఇంకొన్ని మాటలు. ఏ ఊళ్లె ఆగినా మాలవాడలనూ ఆగాలె, మాదిగవాడలనూ ఆగాలె. బుడగజంగాలు, నేతకానోళ్లు, డక్కలోళ్లు ఉంటే వాళ్ల గుడిసెల ముందటనూ ఆగాలె. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినంక, 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంల ఎస్సీ వర్గీకరణ అమలైతున్నది. దాని మీద ఎవరి వాదన వాళ్లకు ఉండొచ్చు. ఈ యాత్రల మాత్రం ఒకరి వాడల తిని ఇంకొకరి వాడ దాటిపోయుడు ఉండొద్దు.

హోటల్ల గ్లాసులు వేరే పెట్టిన జాగ కనబడితే రాసుకోండ్రి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. కాని మీరు తెల్లారి సైకిలెక్కి పోతరు, ఆ ఊళ్లె బతకాల్సింది అక్కడి మనోళ్లు. వాళ్లతోటి కూసోని మాట్లాడి, వాళ్లు నిలబడుతమంటేనే కేసు దాకా పోవాలె. ఆవేశంతోటి మంట పెట్టి పోవద్దు.

పంపు, ప్యాచీలు, సొల్యూషన్, ఒక ట్యూబు గుంపుకు ఒకటి చొప్పున పెట్టుకోండ్రి. ఘాట్లు దిగే ముందట బ్రేకులు చూసుకోండ్రి. నేషనల్ హైవే మీద చీకటి పడ్డంక తొక్కొద్దు. ఎవరింట్ల తిన్నా మీ వంతు బియ్యం మీరు ఇవ్వాలె. పేదోని ఇంటికి పోయి వానికే బరువు కావద్దు.

తిరిగి వచ్చినంక ఆ నోట్‌బుక్కులు నాయకుల బీరువాల్ల పెట్టొద్దు. ఏ ఊరి పేర్లు ఆ ఊరికే అందాలె. అంబేద్కర్ విగ్రహం కాడనో, కమ్యూనిటీ హాలు గోడ మీదనో పెయింటు తోటైనా సరే రాయించాలె. నల్లరాయి చెక్కించే పైసలు లేవని ఆగొద్దు. బొగ్గుతోటి రాసినా పేరు పేరే. ఆ గోడ ముందట నిలబడి చదువుకున్న పిల్ల రేపు తాసీల్ ఆఫీసుల, మా తాత దున్నిన భూమి ఇది అని నోరు తెరిచి అడుగుతది. కోరేగావ్‌ల జరిగింది అదే. చుండూరుల జరిగింది అదే. మన కరీంనగర్‌ల, ఆదిలాబాద్‌ల జరగాల్సింది గూడ అదే.

ముసలోళ్లు ఏటేటా పోతున్నరు. 1978లో ఇరవై ఏండ్ల పిలగాడు ఇప్పుడు డెబ్బై దరిదాపుల ఉన్నడు. 1940 చూసినోళ్లు దాదాపు లేనట్టే. ఇంకో పదేండ్లు ఆగితే అడిగేటందుకు మనిషి ఉండడు. అందుకే ఈ దసరాకే పోవాలె అంటున్న.

పోయి రాండ్రి. గడీల ముందర నుంచి బెల్లు కొట్టుకుంట పోండ్రి. తదితరుల పేర్లు పట్టుకోని రాండ్రి.

జై భీమ్! జై కొమురం భీం!